కొత్త గోల్‌కీపర్

"నాగన్నంటే నువ్వేనాప్పా? జల్దీ లెయ్! పొద్దు గూకేలోగా కర్నూల్లో పేరు రాయించకుంటే ఈ ఏడు మా జట్టులోకి తీసుకోనీరు," అన్నాడు ఫుట్‌బాల్ కెప్టెన్ మహానంది, రొప్పుతూ.

నాగన్న మగ్గం గుంటలోంచి చటుక్కున లేచాడు. భార్య మద్దమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"ఈ చీర రేపు పెండ్లికి పోవల్ల. ఎవురు నేస్తారు?"

వీధి చివర కర్నూలు బస్సు హారన్ కొట్టింది.

"నేను నేస్తాలేమ్మా!" అంటూ మహానంది గుంటలోకి దిగాడు. నాగన్న చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి బస్సెక్కాడు.

ఏ కాలితో ఎప్పుడు తొక్కాలో మద్దమ్మ పక్కన నిలబడి నేర్పింది. నాలుగు పోగులు పడ్డాక మహానందికి ధైర్యం వచ్చింది.

"మీ ఆయన గోలు కాడ నిలబడితే బంతి లోపలికి పోనే పోదంట గదా?"

"బంతా? బంతి పట్టేది ఎనక వీధి నాగన్న. ఆయప్పను నిన్ననే కడపోళ్లు తీస్కపోయిరి."

పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె మహానంది చేతిలో ఆగిపోయింది. "మరి ఈయనెందుకు పోయినాడమ్మా?"

"పెండ్లయినప్పటి నుంచి ఆ గుంటలోనే ఉండాడు గదప్పా. రమ్మని పిలిసినోడివి నువ్వొక్కడివే."

మహానంది మళ్లీ తొక్కుడుపలక మీద కాలు పెట్టాడు.

"పోనీలేమ్మా, ఆయన్నే ఆడనీ," అని నాడె విసిరాడు.