తాడు పట్టినవాడి వాటా

“ఇయ్యాళ కూడా లాగాల్నా నాయనా? మధ్యాహ్నం సాయిబు వస్తుండాడు, వల ఎత్తుకొని పోయేదానికి!”

వినోద్ పొద్దుటి నుంచీ ఇదే పాట.

పెంచలకృష్ణ వినిపించుకుంటేగా! మైపాడు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సముద్రాన్ని చూసి మురిసిపోతున్నాడు.

“అమ్ముకుందువులేరా. పున్నమి నీళ్లురా ఇవి! ఈ పూట లాగకుండా ఉంటానా?”

అది అలివి వల. పడవ మీద తీసుకుపోయి సముద్రంలో దించి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద నుంచి జనం లాగాలి. పెంచలకృష్ణకు అది ప్రాణం. కొడుక్కి తలనొప్పి. కుర్రాళ్లంతా మరపడవలు ఎక్కేశారు, తాడు పట్టేవాళ్లు కరువయ్యారు. అందుకే వినోద్ ఫోన్లోనే బేరం కుదిర్చేశాడు. సూళ్లూరుపేటలో మీరా మొహిద్దీన్ అనే వ్యాపారి ఉన్నాడు. పాత వలలు కొని, ముక్కలు కోసి, చేలల్లో పందులు పడకుండా కట్టుకోవడానికి రైతులకు అమ్ముతుంటాడు.

“నా వల పందులకు కాపలానా!” అని పెంచలకృష్ణ వారం నుంచి గొణుగుతూనే ఉన్నాడు.

వల దిగింది. లాగడం మొదలైంది.

అంతలో ఒడ్డున తెల్ల కారొకటి ఆగింది.

“సాయిబు వచ్చినాడు!” అంటూ వినోద్ తాడు వదిలేసి పరుగెత్తాడు.

తాడు జర్రున జారింది. పెంచలకృష్ణ దాన్ని బిగించి పట్టి చుట్టూ చూశాడు. పోటు ఆగి నీళ్లు వెనక్కి తిరిగే వేళ అది. ఇంకాస్త ఆలస్యమైతే వెనక్కి లాగే పాటు నీళ్లు వలను లోపలికి ఈడ్చేస్తాయి. ఇక చేప ఆశ వదులుకోవలసిందే.

“ఎవురన్నా రండయ్యా! ఓ తెల్లచొక్కా అన్నా! నిన్నే! చూస్తా నిలబడితే ఎట్టా? తాడు పట్టు!”

ఆటో దిగి, అలల్ని చూస్తూ నిలబడ్డ మనిషి ఉలిక్కిపడ్డాడు. చెప్పులు ఇసుకలో వదిలేసి వచ్చి తాడు పట్టాడు.

“చేతుల్తో కాదన్నా! ఒళ్లు వెనక్కి వాల్చు! పొద్దున ఏం తినలేదా?”

“తిన్నానన్నా!”

“మరి యాడికి పోయింది అదంతా?”

తాడు మీదున్న జనమంతా ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే వెల్లకిలా పడ్డాడు. లేచి, ఇసుక దులుపుకోకుండానే మళ్లీ పట్టాడు.

“పున్నమి నిన్ననే అయిపోయింది కదన్నా?” అని రొప్పుతూ అడిగాడు.

“అది క్యాలెండర్లో. సముద్రానికి ఇంకా కాలా. పున్నమి దాటినాక వచ్చే నీళ్లే పెద్ద నీళ్లు. చేప పోటెంబడి గట్టుదాకా వస్తాది, పాటుతో తిరిగి పోతాది. అదే అష్టమి నాడనుకో, నీళ్లు సోమరిగా పడుంటాయి. ఆ రోజు వలేస్తే నాచు తప్ప ఏం రాదు. సరే సరే, మాటలు తర్వాత, లాగు!”

“మాట్లాడేది నువ్వే కదన్నా!”

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే వల గట్టు చేరింది.

అబ్బబ్బ, ఏం చేప! కానాగంతలు, నెత్తళ్లు కలగలిసి ఎగిరెగిరి పడుతున్నాయి. తెల్లచొక్కా ఇప్పుడు తెల్లగా లేదు. ఆ మనిషి మాత్రం చప్పట్లు కొడుతూ వల చుట్టూ తిరుగుతున్నాడు.

పెంచలకృష్ణ మంచి కానాగంతలు ఏరి ఆయన ముందు పెట్టాడు.

“పట్టు, నీ వాటా.”

“నాకెందుకన్నా? ఏదో సరదాకి పట్టినా.”

“సరదాకైనా సరే, తాడు పట్టినోడిని వట్టి చేతుల్తో పంపేది లేదు. మా ఆనవాయితీ అది.”

“తీసుకుంటే ఏమవుతాది?”

“వలకు చుట్టమైపోతావు. ఇంక దీనికి చెడు తలపెట్టకూడదు, అంతే!”

ఆయన చాచబోయిన చెయ్యి ఆగింది.

వల వంక చూశాడు. చిరుగు పడిందేమోనని అప్పుడే కన్ను కన్నూ తడిమి చూసుకుంటున్న పెంచలకృష్ణ వంక చూశాడు.

తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా పట్టాడు.

“వెయ్యన్నా.”

ఆటో కదులుతుంటే పెంచలకృష్ణ సంబరంగా కేకేశాడు. “అమాసకు రా అన్నా! అమాస నీళ్లు కూడా ఇట్నే ఉంటాయి!”

అన్నాడే గానీ, అమావాస్యనాటికి వలే ఉండదని వెంటనే గుర్తొచ్చింది.

వినోద్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“కారాయన సాయిబు కాదు నాయనా. కుర్చీ వేసి, కొబ్బరిబోండాం కొట్టించి, వల గురించి చెప్పాల్సిందంతా చెప్పినాక, రొయ్యల వేపుడు యాడ దొరుకుతాదని అడిగినాడు!”

అంత దిగుల్లోనూ పెంచలకృష్ణకు నవ్వాగలేదు.

మధ్యాహ్నమైంది. సాయిబు రాలేదు. ఫోన్ వచ్చింది.

“ఆ, సాయిబు గారూ! యాడుండారు?” అన్నాడు వినోద్. వింటూ వింటూ నోరు తెరిచాడు. చివరికి పకపకా నవ్వేసి ఫోన్ పెట్టేశాడు.

“ఏందిరా? ఎప్పుడొస్తాడంట?”

“వల కొనడంట నాయనా. ఇంకెవురికీ అమ్మొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు. అమాసకు బావమరుదుల్ని వెంటేసుకొని వస్తాడంట, తాడు పట్టేదానికి!”

పెంచలకృష్ణ ఉన్నచోటనే గంతేశాడు. వల మీద పడి దాన్ని వాటేసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు, నోటినిండా నవ్వు.

“ఎంత మంచోడురా! ఒక్కసారన్నా ఆ మనిషి ముఖం చూడలేదే మనం!”

“నేను చూడలా నాయనా. నువ్వు చూసినావు, తాడిచ్చి తిట్టినావు, తువ్వాల్లో వాటా కూడా వేసి పంపినావు!”