తాడుకు జడ

"జడేసుకున్నవాళ్లు గద్దలవుతారా?" అని మేస్త్రీ నవ్వాడు.

ఇన్నాళ్లూ కింద తాళ్లు లాగిన ఆ అమ్మాయి వినిపించుకోలేదు. వ్యాన్ తలుపు లోపల అతికించిన పాత ఫోటోను రోజూలాగే ఒకసారి వేలితో తాకింది.

ఫోటోలో ఉన్నవాడిని అందరూ గద్ద అంటారు. చెట్లు కొట్టే ఆ జట్టులో మొదటి తరం మనిషి. నెత్తిన హెల్మెట్, వీపు ఇటు, చిటారు కొమ్మ దగ్గర నిటారుగా నిలబడ్డాడు. కాలు విరిగి పని మానేశాడని వినడమే తప్ప, ఇప్పటివాళ్లెవరూ అతన్ని చూసింది లేదు.

అతని నడుం దగ్గర వేలాడే ఆ లావు ముడి ఏమిటో కూడా ఎవరూ తేల్చలేదు.

"ఇవాళ రంపం నీదే. కింద ఇంటి పెంకు ఒక్కటీ పగలకుండా దిగావా, రేపట్నుంచి జట్టులో ముందు ఎక్కేది నువ్వే. పగిలిందా, మళ్లీ కిందుండి తాళ్లు లాగడమే," అన్నాడు మేస్త్రీ.

ఆమె చెట్టు మొద్దును చేతులు చాచి కొలిచింది. ఉన్నవాటిలోకి పొడుగాటి నడుంతాడు తీసింది. దాన్ని చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకుంటే, రంపానికి రెండు చేతులూ ఖాళీ.

"తాడు మొద్దును చూసి ఎంచావా, కొమ్మను చూసి ఎంచావా?"

జనం రాకుండా కట్టిన అడ్డుతాడు అవతల, చేతికర్రతో ఒక ముసలావిడ.

"దూరంగా ఉండండి మామ్మా, కొమ్మలు పడతాయి."

"కొమ్మలు పడితే పడనీ, నువ్వు పడకు. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది, తాడులో మిగిలి వేలాడే తోక పెరుగుతుంది. పడే కొమ్మ ఆ తోకను తగులుకుందంటే నిన్నూ వెంట తీసుకుపోతుంది."

"పొట్టిదైతే మొద్దుకు చాలదు కదా."

"పొట్టిది తీసుకోమన్నానా? మిగిలినదాన్ని జడ అల్లు. ఇలా ఇవ్వు."

"పన్లో పని పేలు కూడా చూడమను," అన్నాడు మేస్త్రీ.

ముసలావిడ వేళ్లు తాడును ఉచ్చులో ఉచ్చుగా అల్లాయి. కొస పట్టి ఒక్కసారి లాగితే మొత్తం విడిపోయింది.

చెట్టు పైన, ఆ అమ్మాయి సిగ్గు చంపుకుని తోకకు జడ వేసింది.

తెగిన కొమ్మ గిర్రున తిరిగింది. తోక వేలాడవలసిన చోటు మీదుగా, ఆమె బూటును రాసుకుంటూ పోయింది. కిందివాళ్లు దాన్ని మెల్లగా పెరట్లోకి దించారు.

దిగేటప్పుడు ఒక్క లాగు లాగింది. జడ విడిపోయి, తాడు మళ్లీ లావుపాటి మొద్దుకు సరిపోయింది.

"ఒక్క పెంకూ పగల్లేదు. రేపు ముందు నువ్వే," అన్నాడు మేస్త్రీ. ఈసారి పేల మాట ఎత్తలేదు.

ఆమె అడ్డుతాడు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు.

"మామ్మ ఏది?"

"నువ్వు దిగడం మొదలెట్టగానే వెళ్లిపోయింది. 'బాగా నిలబడింది పిల్ల' అంది. తెరిచి ఉన్న వ్యాన్ తలుపు దగ్గర ఆగి ఎందుకో నవ్వుకుంది కూడా."

ఆమె వ్యాన్ తలుపు దగ్గరికి వెళ్లింది. ఫోటోలోని ముడి మీద వేలు పెట్టి చూసింది. ఉచ్చులో ఉచ్చు, ఉచ్చులో ఉచ్చు.

ఆమె తల ఎత్తి తన జడను వెనక్కి విసురుకుంది.

"మేస్త్రీ, ఇన్నాళ్లూ మనం ఆయన అనుకున్న గద్ద, ఇప్పుడే కర్ర పొడుచుకుంటూ సందు తిరిగి వెళ్లింది."