మిషన్ మీద చీర

పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ పొగ నేరుగా వచ్చేది మా మేడ మీదికే. అందుకే గాలిలో సీసం కొలిచే మిషన్‌ను అక్కడే పెట్టాలని మా కాలుష్య నియంత్రణ ఆఫీసులో పట్టుబట్టి పెట్టించాను.

నెల తిరిగేసరికి సీసం లేనే లేదని తేలింది. ఆఫీసరు సంబరపడ్డాడు. నేను నమ్మలేక మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తాను.

మిషన్ మీద అమ్మ పాత చీర మడతలు పెట్టి కప్పి ఉంది. పక్కనే అక్క కొడుకు మసి వేళ్లు చీకుతూ ఆడుకుంటున్నాడు.

"మసి పడుతోందే. నీ ఆఫీసు మిషన్ పాడైపోదూ?" అంది అమ్మ.

"వీడు పీల్చే గాలే అదీ పీల్చాలమ్మా. అందులో ఎంత విషముందో అప్పుడే తెలిసేది."

అమ్మ నాలుక కరుచుకుని చీర తీసేసింది.

చీర సంగతి చెప్పి, మళ్లీ కొలుద్దామని ఆఫీసరును అడిగాను. ఆయన నవ్వాడు. "రిపోర్టు పైకి వెళ్లిపోయింది. మీ అమ్మగారికున్న బుద్ధి నీకు లేకపాయె."

మర్నాడు సాయంత్రానికి మిషన్‌కు కొత్త నీలం తొడుగు వేసి ఉంది.

"మీ సారే వచ్చి తొడిగారు. తీయొద్దన్నారు. నీకింకా పని తెలియదటగా," అంది అమ్మ, పిల్లాడి మూతి తుడుస్తూ.

అమ్మకు చదువు రాదు. తొడుగు మీద అచ్చేసిన ఫ్యాక్టరీ పేరును నేనే పైకి చదివాను.

"ఛీ," అంటూ అమ్మ దాన్ని ఒక్క లాగు లాగింది.