ఇసుక దిబ్బ మీద ఒక గంట

“ఒక్క రోజులో ఏమేం చూడొచ్చు ఇక్కడ?”

పడవలో పెట్రోలు పోస్తున్న సరంగు తలెత్తి చూశాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి తలుపంత వెడల్పున్నాడు.

“ముందు పగడాల దిబ్బ సార్. నీళ్ళలో మొహం పెడితే చాలు, రంగురంగుల చేపలు. తర్వాత గుహ. మధ్యాహ్నానికి ఇసుక దిబ్బ. పోటొస్తే అది మునిగిపోతుంది, అందుకే అక్కడ గంటే ఉండనిస్తాం. అంతకుమించి ఈ ఊళ్ళో చేసేదేముంది, కొబ్బరిచెట్లకి ఊయల కట్టుకుని పడుకోవడమే.”

“పోయినేడాది ఓ అమ్మాయికి కూడా ఇవే చూపించావా?”

సరంగు పెట్రోలు డబ్బా కింద పెట్టేశాడు.

“నేను దాని అన్నని,” అన్నాడా మనిషి పడవెక్కుతూ. “పద.”

సరంగు ఒక్కసారి వెనక్కి, ఊరి వైపు చూశాడు. తర్వాత లంగరు తీశాడు.

ఆ అన్నకి ఇక్కడికి రెండు రోజుల ప్రయాణమంత దూరంలో టింబర్ డిపో ఉంది. అమ్మానాన్నా పోయేనాటికి చెల్లెలికి ఎనిమిదేళ్ళు. అన్నీ తనే అయి పెంచాడు. పోయినేడాది ఆమె ఆఫీసువాళ్ళతో కలిసి, అన్నకి చెప్పకుండా, జీవితంలో మొదటిసారి ఈ సముద్రం చూడటానికొచ్చింది. తోటివాళ్ళు ఒడ్డున ఉండిపోతే ఒక్కతే పడవెక్కింది. పడవ తిరిగొచ్చింది. ఆమె రాలేదు. శవం దొరక్కపోయినా పోలీసులు మునిగిపోయిందని రాసి, ఫైలు మూసేశారు.

పగడాల దిబ్బ దగ్గర సరంగు ఇంజను ఆపి, అద్దాల మాస్కు అందించాడు. అన్న దాన్ని తీసుకోలేదు.

“ఇక్కడేనా?”

“ఇక్కడే సార్. పెద్ద అలొచ్చింది.”

“గుహ దగ్గరని పోలీసులకి చెప్పావుగా?”

సరంగు మాస్కు పక్కన పడేసి ఇంజను స్టార్టు చేశాడు.

గుహలోకి వెళ్ళాక మొదటి దెబ్బ పడింది. అన్న అతని జుట్టు పట్టుకుని మొహాన్ని రాతికేసి కొట్టాడు. రాతికి అంటుకున్న ఆల్చిప్పలు చెంపని చీరేశాయి. పడవ అడుగున ఉన్న కాసిని నీళ్ళూ ఎర్రబడ్డాయి.

“నా మాట లేకుండా గడప దాటే పిల్ల కాదది. నేను పెట్టింది తిని, నేను కొన్నది కట్టుకుని పెరిగింది. దాన్ని ఏం చేశావురా?”

“సముద్రం తీసుకుంది సార్.”

ఇసుక దిబ్బ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. చుట్టూ కనుచూపుమేరలో ఇంకో పడవ లేదు. అన్న అతన్ని ఇసుకలో బోర్లా పడేసి, నడుం మీద మోకాలు ఆనించి, కుడిచెయ్యి వెనక్కి లాగాడు.

“ఎక్కడ పెట్టావు?”

“సముద్రం...”

చిటికెన వేలు పుల్లలా విరిగింది. సరంగు పెట్టిన కేకకి దిబ్బ మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

“ఎక్కడ?”

ఉంగరం వేలు కూడా విరిగింది. సరంగు మళ్ళీ అదే మాట అన్నాడు.

అన్న అతన్ని కాళ్ళు పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చాడు. తల ముంచాడు. తన్నుకోవడం తగ్గేదాకా ఉంచి పైకి లాగాడు. మళ్ళీ ముంచాడు. నాలుగోసారి పైకి తీసినప్పుడు సరంగు రక్తం, ఉప్పునీళ్ళు కలిపి కక్కి, చేతులు జోడించాడు. విరిగిన వేళ్ళు జోడింపులో కుదరలేదు.

“చెప్తాను సార్. లైఫ్ జాకెట్ క్లిప్పు విరిగిపోయింది. తెలిసే ఇచ్చాను. పడిపోయాక రెండుసార్లు చెయ్యి పైకెత్తింది. నేను దూకలేదు. భయమేసింది. పడవ తిప్పేశాను. అందుకే చోటు మార్చి మార్చి చెప్పాను.”

అన్న అతన్ని ఇసుక మీదకి ఈడ్చి పడేశాడు.  పడవలోంచి తెడ్డు తీశాడు. భుజం మీద కొట్టాడు. డొక్కలో కొట్టాడు. ఎక్కడ తగులుతోందో చూసుకోకుండా కొట్టాడు. తెడ్డు రెండు ముక్కలైంది.

మిగిలిన ముక్కని సరంగు గొంతుకి ఆనించి, వగరుస్తూ అడిగాడు.

“పోయేటప్పుడు ఏమైనా అందా?”

సరంగు కళ్ళు తెరవలేకపోయాడు.

“అన్నా అని పిలిచింది సార్. రెండుసార్లూ.”

గొంతు మీది కర్ర జారిపోయింది. ఆ పెద్ద మనిషి రెండు చేతుల్లో మొహం దాచుకుని, డిపోలో దుంగలు దించే కూలీలు కూడా ఏనాడూ వినని గొంతుతో వెక్కి వెక్కి ఏడ్చాడు.

“నిన్ను చంపను,” అన్నాడు చివరికి. “ఈదుకుని పో. ఆ పిలుపు వింటూనే బతుకు. నేను మాత్రం ఈ సముద్రం మొహం మళ్ళీ చూడను.”

పడవ తనే నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సుకి ఊరు దాటిపోయాడు కూడా.

దిబ్బ మీదకి పోటు ఎక్కుతోంది. నీళ్ళు నడుం దాకా వచ్చాక సరంగు ఎడంచేత్తో ఈదడం మొదలుపెట్టాడు. అలలు ఎత్తి పడేసినప్పుడల్లా డొక్కలో కత్తులు దిగినట్టయింది. రెండుసార్లు మునిగాడు. మునిగిన ప్రతిసారీ ఒడ్డు ఎటుందో వెతుక్కున్నాడు. చివరికి ఐసు ఫ్యాక్టరీ వెనకున్న ఇసుకలోకి మోకాళ్ళ మీద పాకాడు. అక్కణ్ణుంచి ఇల్లు నూరు అడుగులే. అవి దాటేసరికి పొద్దు వాలింది.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. లోపలున్నామె అతన్ని చాప మీద పడుకోబెట్టింది. వేడినీళ్ళతో చెంప కడిగింది. చీపురుపుల్లలు విరిచి వేళ్ళకి ఆనించింది. గుడ్డ చుట్టింది.

చిన్నప్పట్నుంచీ విరిగిన ప్రతిసారీ తన వేళ్ళకి తనే కట్టుకుని అలవాటైన ముడిని బిగించి, “నేను చచ్చిపోయానని మా అన్న నమ్మాడా?” అని అడిగింది ఆమె.