వెంట్రుకంత గీత

వాచ్‌మన్ పాండియన్ ఒక కవరు తెచ్చి బాలమురళి బల్లమీద పెట్టాడు.

"కుండ తీసుకుపోను మనిషొచ్చినాడు సార్. ఇది మీకిమ్మన్నాడు."

డెలివరీ చీటీ కాబోలనుకున్నాడు బాలమురళి. విప్పకుండానే దానిమీద ఎక్స్‌రే ఫిలింల డబ్బా పెట్టాడు.

కోయంబత్తూరులో తాత పెట్టిన ఫౌండ్రీ అది. పంపులు పోసే చోటికి మొదటిసారి వేరే పని వచ్చింది. ఏదో పరిశోధనశాల. లోహాన్ని భూమి నడిగర్భంలో ఉండేంత వేడిలో, ఒత్తిడిలో పెట్టి, అది నలుగుతుండగానే లోపల ఏమవుతోందో ఎక్స్‌రేతో అణువణువూ చూస్తారట. ఆ ఒత్తిడికి బయట కవచంగా దళసరి ఉక్కు కుండ కావాలన్నారు.

వచ్చినవాడికి యాభై దాటి ఉంటాయి. వెలిసిన చొక్కా, చేతిలో గుడ్డ సంచి. బండి తోలేవాడిలా ఉన్నాడు. తమిళంలో వణక్కం చెప్పాడు.

కూర్చోమని ఎవరూ అనలేదు. ఒక మూల బోర్లించిన అచ్చుపెట్టె మీద కూర్చున్నాడు.

బాలమురళి, పోసిన కుండలో లోపాలు తెలిసేందుకు తీసిన ఎక్స్‌రే ఫిలింను వెలుగుకు పట్టి చూశాడు.

"మామా, గీత ఉండాది."

పక్కనే వక్క నములుతున్న మేనమామ పెరుమాళ్‌సామి కళ్లు చిట్లించాడు. "వెంట్రుకంత. దానికేమి?"

"పగిలితే?"

"మళ్లా పొయ్యాలంటే నెల పడతాది. తేదీ దాటితే పని ఇంకొకనికి పోతాది. మాదిరి కుండను కోసి చూసినామే, దాని ఫిలిం మంచిగుంది కదా. దీని బదులు అది పెట్టిచ్చెయ్."

"ఈయన వింటా ఉండాడు."

"తమిళోడప్పా! వానికి మన మాట ఏమి తెలుస్తాది?"

బయటివాళ్ల ముందు చాటు మాట తెలుగులో అనుకోవడం ఆ ఇంట్లో తాతల నాటి అలవాటు.

బాలమురళి ఫిలిం మార్చాడు. ఏమీ అనిపించలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆ మనిషి పాండియన్ ఇచ్చిన టీ తాగి లేచాడు. ఎవరినీ అడక్కుండా వెనక షెడ్డులోని కొళాయి దగ్గరికి పోయాడు. గ్లాసు తనే కడిగి, గోడ గూట్లో బోర్లించాడు.

కూలివాళ్లకు గ్లాసులు వేరుగా పెట్టిన కాలం నాటి గూడు అది. ఇప్పుడెవరూ వాడరు.

తిరిగొచ్చి తమిళంలో అడిగాడు.

"ఈ కుండ పక్కన మేం నలుగురం నిలబడాలి సార్. ఎక్స్‌రే మీరే చూశారా?"

"చూశాను."

"బాగుందా?"

"బాగుంది."

అతను కాసేపు బాలమురళి ముఖంలోకే చూశాడు. తర్వాత సంచి భుజాన వేసుకున్నాడు.

"కుండ ఈడనే ఉండనీ తంబీ," అన్నాడు తెలుగులో. "ఆ గీత ఉండే ఫిలిం మాత్రం పారెయ్యొద్దు."

పెరుమాళ్‌సామి నోట్లో వక్క నమలడం ఆగిపోయింది.

బయట అతను తెచ్చిన వ్యాను పోయిన చప్పుడు వినబడింది. కొలిమి మంట ఎప్పటిలాగే మండుతోంది.

చాలాసేపటికి బాలమురళి డబ్బా పక్కకు జరిపి కవరు విప్పాడు. చీటీ కాదు, ఉత్తరం. కింద వై. తమిళరసన్ అని సంతకం, పరిశోధనశాల అధిపతి అని ముద్ర.

"ఈ కుండ కోసం నేనే వచ్చాను. ఇంకో పది కుండలు కూడా మీరే పోయాలి. మీ ఫౌండ్రీయే ఎందుకని మావాళ్లు అడిగారు. అచ్చులో వెంట్రుకంత బీట కనబడినా ఉక్కు పొయ్యనివ్వని యేసుదాస్ అనే కూలి అక్కడ పనిచేసేవాడని, ఆయన మా నాయన అని చెప్పాను."