హస్తవాసి

పన్నెండేళ్ల బండి, స్టార్ట్ చేస్తే ఒకటే వణుకు; ఇక తుక్కుకి వేసేయమని ఊళ్లో రెండు షోరూములూ తేల్చేశాయి. అది పోతే నా భోజనం క్యారేజీల వ్యాపారం మూతపడినట్టే. విసుగొచ్చి, సర్వీసుకి ఎక్కడికెళ్లాలో నువ్వే చూసుకోమని బండికే వదిలేశాను.

అది రోజంతా పార్కింగులో పక్క బళ్లని వాకబు చేసి, "తణుకు వెళ్దామండీ. అక్కడి షోరూములో మూడో మరచేతి హస్తవాసి మంచిదట," అంది.

"మరచేతికి హస్తవాసేంటి నీ మొహం! ఏ షోరూములో చూసినా ఆ ఇనప చేతులే కదా?" అని కసిరాను. అయినా వెళ్లాం.

అక్కడ మూడో చెయ్యి స్పానర్ అందుకునే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఊరికే ఉండిపోయింది. ఆ తర్వాతే పని మొదలెట్టింది. రెండు గంటల్లో నా బండి వణుకు మానేసింది.

షోరూము చూసుకునే జరీనాని అడిగాను, "ముందు అలా ఎందుకు ఆగిందమ్మా?"

"మా మస్తాన్ మేస్త్రీ చెయ్యి చూసి పని నేర్చుకుందండీ. ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే ఆగేవారు. టైం దండగని ఆ అలవాటు తీసేద్దామనుకున్నాం," అని నవ్వింది జరీనా. "బళ్లు ఒప్పుకోలేదు."