డ్రైవరు వెనక సీటు

రిటైరైన డ్రైవరు రోజూ పొద్దున్నే మొదటి బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటాడు. బస్సు నడిపేది ఆయన కొడుకే.

"ఎడమ పక్క సైకిలు, చూసుకో," అంటాడు. "సిగ్నల్ పడింది, ఆపు," అంటాడు. అన్నప్పుడల్లా ఆయన కుడికాలు ఖాళీ నేలను గట్టిగా నొక్కుతుంది.

"ఉద్యోగం వదిలేసినా బాబాయ్‌ని బ్రేకు వదల్లేదు," అంది కండక్టరు టికెట్లు కొడుతూ. "ఇంట్లో పిన్ని నీ మాట వినదనే కదా, పొద్దున్నే వచ్చి మా మీద పడతావు?"

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వబోయాడు. పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, ఆగలేదు.

బస్సు కూడలి దగ్గరికి వచ్చింది. సిగ్నల్ ఎర్రగా ఉంది. బడి పిల్లలు బ్యాగులతో రోడ్డు దాటుతున్నారు.

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. కాలు నేలను నొక్కింది, మళ్లీ నొక్కింది. చెయ్యి చాచాడు, కొడుకు భుజం అందలేదు. బస్సు వేగం కొంచెం తగ్గిందే గానీ ఆగలేదు.

కొడుకు తల తిప్పకుండా, కండక్టరుకు వినపడనంత మెల్లగా అడిగాడు.

"నాన్నా, పలకవేం? అక్కడ కదులుతున్నది మనుషులా?"